ముక్కుగారి ఎదుటి కుర్చీ

ముసలాయన మళ్లీ ఆమె వైపే చూస్తున్నాడు.

గ్లాసు మూతి దగ్గరే ఉంది. కళ్లు మాత్రం దాని అంచు మీదుగా వచ్చి ఆమె మొహం మీద ఆగాయి. ఆమె కూడా చూసేసరికి చటుక్కున చూపు తిప్పేసుకుని, మీసానికి అంటిన నురగ తుడుచుకున్నాడు.

అది ఇరవై రెండో గ్లాసు. రెండు రోజుల్లో నలభై పూర్తి చేయాలి.

బయట పెద్ద హాల్లో బీరు ఉత్సవం హోరెత్తిపోతోంది. బ్యాండు వాయిస్తున్నారు, జనం మగ్గులు పట్టుకుని ఊగుతున్నారు. పోటీ జరిగే వెనక గదిలో మాత్రం చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ఒక్కో బల్లకి ఎదురెదురుగా ఇద్దరు న్యాయనిర్ణేతలు. గ్లాసు మీద అంకె తప్ప పేరుండదు. వాసన చూడాలి, ఓ గుక్క తాగాలి, పదికి మార్కులు వేయాలి. నోరు విప్పకూడదు. ఇద్దరి మార్కులకీ రెండుకు మించి తేడా వస్తే మూడో మనిషిని పిలుస్తారు. అతని ముందు ఇద్దరూ మళ్లీ రుచి చూసి, ఎందుకన్ని వేశారో విడమర్చి చెప్పాలి.

ఆ మూడో మనిషి ఆమెకి కలల్లో కూడా వస్తున్నాడు.

ఎదుటాయన సామాన్యుడేం కాదు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. అందరూ ముక్కుగారనే పిలుస్తారు. గ్లాసు వాసన చూసి, పీపా కడిగిన నీళ్లు బావివో కుళాయివో చెప్పేసేవాడట. ఆయన ఎవరిని చూసి పెదవి విరిచాడో ఆ న్యాయనిర్ణేత మళ్లీ ఈ గది గడప తొక్కడు. ఆమె పీపాలు కడగడంతో మొదలుపెట్టి, పదకొండేళ్లు చాకిరీ చేసి ఈ కుర్చీ దాకా వచ్చింది. ఇది పోతే ఆమెకి చేతనైన పని ఇంకోటి లేదు.

ఏడాదిగా ఏ పోటీకైనా ఆమెది ఆయన ఎదుటి కుర్చీయే. ఆయన ఎప్పట్నుంచి అలా చూస్తున్నాడో తెలియదు. ఆమె కంటపడింది మాత్రం ఈమధ్యే.

"ఆయన మనసులో ఏదో ఉందండీ" అంది ఆ సాయంత్రం, పొయ్యి దగ్గర నిలబడి.

"డెబ్బై ఏళ్ల మనిషి. ఏముంటుంది?" అన్నాడు భర్త పక్కగదిలోంచి.

"ఆ చూపు కాదు. ఎక్కడ దొరుకుతానా అని కాచుక్కూర్చున్న చూపు."

"దొరకడానికి నువ్వేం దొంగతనం చేశావని?" అంటూ వంటగదిలోకి వచ్చి ఆగిపోయాడు. "ముందా పాలు దించు, అడుగంటాయి. ఇల్లంతా మాడు కంపు. ధ్యాసెక్కడ పెట్టావసలు?"

ఆమె గబుక్కున పొయ్యి కట్టేసింది.

మర్నాడు కూర్చోగానే ముక్కుగారు నిర్వాహకుణ్ణి పిలిచాడు. "మధ్యలో ఈ నీళ్లకూజా ఎందుకయ్యా? అడ్డంగా ఉంది, తీసెయ్."

కూజా వెళ్లిపోయింది. ఇక ఇద్దరి మధ్యా గ్లాసులు తప్ప ఏమీ లేవు. సరిగ్గా ఎదురుగా ఆయన మొహం. గుచ్చి గుచ్చి చూస్తోంది.

గ్లాసు వచ్చేది. ఇద్దరూ వాసన చూసేవాళ్లు, గుటక వేసేవాళ్లు. పెన్నులు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఎవరూ ముందు రాయరు. నువ్వా నేనా అన్నట్టుండేది వరస. పక్క బల్లవాళ్లు మూడు గ్లాసులు లాగించేసరికి వీళ్లది ఒక్కటి అయ్యేది.

ముప్పై ఒకటో గ్లాసు దగ్గర ఆమెకి భయంతో గుటక దిగలేదు. కళ్లు పెద్దవయ్యాయి. అది చూసి ఆయన కనుబొమలు రెండూ పైకి లేచాయి. అంతే, ఇద్దరూ ఒక్కసారే వంగి గబగబా రాసేశారు.

మధ్యాహ్నం ఆ గ్లాసుకే బంగారు పతకం ప్రకటించారు. ఇద్దరూ తొమ్మిదిన్నర వేశారు.

"నలభై గ్లాసుల్లో ఒక్కచోట కూడా ఒక మార్కుకు మించి తేడా లేదండీ" అని నిర్వాహకుడు మైకులో పొంగిపోయాడు. "ఒకే నాలుకని ఇద్దరూ పంచుకున్నట్టుంది." పతకం గెలిచిన మనిషి వేదిక మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హాలంతా చప్పట్లు.

చప్పట్ల మధ్యలోనే ముక్కుగారు ఆమె మోచేయి తట్టాడు. "అమ్మాయీ, ఒకసారి ఇలా రా."

వేదిక వెనక ఖాళీ పీపాల దగ్గరికి తీసుకెళ్లాడు. అయిపోయింది, ఇక ఇంటికే అనుకుంది ఆమె.

"ఏడాదిగా నిన్ను గమనిస్తున్నాను" అన్నాడాయన.

"తెలుసండీ. నన్ను పంపించేయాలనుకుంటే పంపించేయండి. నలుగురిలో మాత్రం అనకండి, మీకు దండం పెడతాను."

ఆయన తెల్లబోయాడు. "నిన్ను పంపించేస్తే నా గతేం కానూ?"

పీపా మీద కూలబడి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏడాదిన్నర కిందట పడిశం పట్టింది తల్లీ. పడిశం పోయింది, దాంతోపాటు వాసనా పోయింది. ఇప్పుడు నాకు బీరూ కుళాయి నీళ్లూ ఒకటే. చెబితే ముప్పై ఏళ్ల పేరు మట్టిగొట్టుకుపోతుంది. అందుకే నోరు మూసుకుని నీ మొహం చూసి మార్కులేస్తున్నాను. నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఇవాళ్టి పతకం పుణ్యమంతా నీ ముక్కుదే."

ఆర్నెల్ల కిందటి జ్వరంలో తన ముక్కు కూడా చచ్చుబడిపోయిందనీ, అప్పట్నుంచీ తను వేసిన ప్రతి మార్కూ ఆయన కనుబొమలు చూసి వేసిందేననీ ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.