నాలుగో గ్లాసు

"ఆ నాలుగోదాని వాసన ఎలా ఉందమ్మాయ్?"

నెరిడా తలెత్తి చూసింది. ఊలు టోపీ పెట్టుకున్న ముసలాయన, అడక్కుండానే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మే నెల, శనివారం మధ్యాహ్నం. డెర్వెంట్ లోయలో జారడ్ అనే అతను బీరు కాచే షెడ్డు జనంతో కిటకిటలాడుతోంది. నెరిడా ముందు ఆరు చిన్న గ్లాసులు, పేల్ ఏల్ అనే లేత రంగు బీరు, ఆరు రకాలు. దీవి రాజధాని హోబార్ట్‌లో వచ్చే పత్రికలో ఆమె తొమ్మిదేళ్లుగా బీరు సమీక్షలు రాస్తోంది. ఆమె ఏం రాస్తుందోనని ఆ దీవిలో బీరు కాచేవాళ్లంతా బిక్కుబిక్కుమంటూ చూస్తారు.

"మీ చేతిలోనూ అదే ఉందిగా. వాసన చూడండి," అంది.

"నా సంగతి వదిలెయ్. నీ ముక్కు ఏమంటోంది?"

"సోమవారం పత్రికలో చదువుకోండి."

"నేను పత్రికలు చదవను. మా ఆవిడ పొయ్యి అంటించడానికి వాడుతుంది."

పక్క బల్లవాళ్లు ఘొల్లున నవ్వారు. నెరిడాకు ఒళ్లు మండింది.

నిజానికి ఆ నాలుగో గ్లాసు ఆమెను కట్టిపడేసింది. అలాంటి వాసన ఎన్నడూ ఎరగదు. దానికి తగిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈయన పలకరింపుతో అది కాస్తా జారిపోయింది.

"ఒక్క ముక్క చెప్పు, చాలు."

"గడ్డి," అంది విసుగ్గా. "తడిసి మాగిన గడ్డి వాసన. సరేనా?"

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

"గడ్డేనా? ఇంకేమీ తగల్లేదా?"

"గడ్డే."

ఆయన చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత టోపీ సర్దుకుని లేచాడు.

"థ్యాంక్స్ అమ్మాయ్. మొహమాటం లేకుండా చెప్పావు."

పీడ వదిలింది అనుకుంది నెరిడా. జారిపోయిన మాటను వెతుక్కుంటూ మళ్లీ గ్లాసు ఎత్తింది.

సోమవారం సమీక్ష వచ్చింది. నాలుగోదాన్ని ఆమె ఆకాశానికెత్తింది. వారం తిరక్కుండా జారడ్ దగ్గర ఒక్క చుక్క మిగల్లేదు.

ఆగస్టు చివర్లో జారడ్ ఫోన్ చేశాడు.

"నెరిడా, ఒక సాయం చేసిపెట్టాలి. నువ్వు మెచ్చుకున్న దాన్ని మళ్లీ కాయాలంటే, దానికి ఆ వాసనిచ్చే హాప్స్ పూలు ఒక్కాయన దగ్గరే ఉన్నాయి. ఇంటి వెనక ఒక్క వరుస తీగలు. అది కూడా ఆయన పుట్టించిన కొత్త రకం."

"అయితే అడుగు."

"అందరికీ నచ్చిందని ఫోన్‌లో చెప్పాను. 'ఊరుకోరా, నన్ను ఊరడించకు' అని పెట్టేశాడు. నువ్వు వచ్చి చెబితే నమ్ముతాడు."

"ముందే ఎందుకు చెప్పలేదు నాకు?"

"పూలు ఎవరివో తెలిస్తే నువ్వు మొహమాటపడతావని, చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

జారడ్ ఆమెను ఆయన ఇంటికి తీసుకెళ్లాడు. నది ఒడ్డున చెక్క ఇల్లు. ఆయన భార్య గ్లెనిస్ కోళ్లకు గింజలు చల్లుతోంది. జారడ్ నేరుగా పెరట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాడు.

తీగలు పాకే ఎత్తాటి గుంజలున్నాయి. వాటి కింద నేలంతా తవ్వేసి ఉంది. మూలన బూడిద.

"గ్లెనిస్, తీగల వేర్లేవి?"

"జూన్‌లో తవ్వి కాల్చేశాడు. పనికిరాని మొక్క పక్క తోటల్లోకి పాకకూడదన్నాడు."

"పనికిరాదని ఎవరన్నారు?" అంది నెరిడా.

"ఎవరో వాసనలు బాగా తెలిసిన మనిషట. గడ్డి వాసన అందట."

నెరిడా మూలనున్న బూడిద వంక తిరిగింది.

"ఆయనకు... ఆయనకు తెలీదా వాసన?"

"మెర్వ్‌కా? పద్దెనిమిదేళ్ల కిందట జ్వరమొచ్చి ముక్కు పోయింది. ఇంట్లో రొట్టె మాడినా తెలీదు. ఆ తీగ మొలిచింది ఆ తర్వాతే. దాని వాసన ఒక్కసారి కూడా ఎరగడు పాపం."

వెనక తలుపు చప్పుడైంది. ఆ రోజు షెడ్డులో పలకరించిన ముసలాయనే బయటికొచ్చి నెరిడాను చూశాడు. మొహం వెలిగిపోయింది.

"గ్లెనిస్! నే చెప్పలా, మొహాన నిజం చెప్పిందని? ఈ అమ్మాయే! స్నేహితులంతా బాగుందనే అంటారు. ఈమె ఒక్కతే ఉన్నదున్నట్టు చెప్పింది."

"అది నిజం కాదండీ."

"ఏంటి?"

"విసుక్కుని అబద్ధం చెప్పాను. ఆ రోజు ఆ ఆరింట్లో అంత మంచిది ఇంకోటి లేదు."

మెర్వ్ మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒక్క వేరైనా లేదా?" అన్నాడు జారడ్.

"లేదురా. ఏరి ఏరి కాల్చాను." తర్వాత నెరిడా వైపు తిరిగాడు. "పోనీ, ఇప్పుడు చెప్పు. ఎలా ఉండేది?"

నెరిడా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ముందు, చెట్టునే పండిన ఆప్రికాట్ పండును ఎండలో చీల్చినట్టు. ఆ తర్వాత, ఎండకు కాలిన ఇంటికప్పు రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు. మింగాక కూడా గొంతులో చాలాసేపు ఉండేది."

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆప్రికాటా?" అని నవ్వాడు. "నేను నిమ్మ అయ్యుంటుందనుకున్నా."

గ్లెనిస్ లోపలికి వెళ్లి టీకి నీళ్లు పెట్టింది.

తిరుగు దారిలో, కారులో నెరిడా అడిగింది.

"ఎవరు జారడ్ ఆయన?"

"నలభై ఏళ్లు హాప్స్ పరిశోధన తోటలో పనిచేశాడు. ముక్కు పోయాక ఇంటికి పంపేశారు," అన్నాడు జారడ్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మన పేల్ ఏల్‌కి ఇంత పేరు తెచ్చిన రకాలన్నీ ఆయన చేతిమీద పుట్టినవే. తొమ్మిదేళ్లుగా నువ్వు రాస్తున్నదంతా ఆయన పూల గురించే."