నీళ్ళొచ్చాయన్న కేక

"పానీ ఆయా!" గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలరాముడు కేక పెట్టాడు.

పోర్ట్‌బ్లెయిర్‌లో మూడు రోజులకోసారి, అదీ అరగంటసేపు వచ్చే కుళాయి. ఆ అపార్ట్‌మెంట్‌లోని ఇరవైనాలుగు ఇళ్ళవాళ్ళూ బిందెలు పట్టుకుని కిందికి పరిగెత్తారు. మహాలక్ష్మమ్మ మాత్రం ఎదురింటి పింకీని చంకనేసుకుని పైకి పరిగెత్తింది.

పింకీ తల్లి అపర్ణ బిందె వదిలేసి టెర్రస్ మీదికి వెళ్ళేసరికి, పిల్ల మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తోంది.

"ఇది నాలుగోసారి! ఇంకెప్పుడూ నా పిల్లని ముట్టుకోకండి!"

వెనకే వచ్చిన మహాలక్ష్మమ్మ కొడుకు మణికుమార్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి దీదీ. సునామీ వచ్చి మూడేళ్ళయినా అమ్మకి ఆ భయం పోలేదు. నీళ్ళొచ్చాయంటే సముద్రమే వచ్చేసిందనుకుంటాది. మేం ఇల్లు ఖాళీ చేసి రేవు అవతల బాంబూఫ్లాట్ ఊరికి పోతాంలే."

"బాంబూఫ్లాట్‌లో మాత్రం నీళ్ళొస్తే అరవరేటి?" మెట్ల మీంచి సెక్రటరీ వీరరాఘవయ్య అడిగాడు. "ఆ అరుపే లేకుండా చేద్దాం. వాన ఏడెనిమిది నెలలు ఊరికే పడతాది. ఈ టెర్రస్ మీది నీళ్ళు పైపుల్లోంచి సంపులోకి దింపి మోటారు పెడితే, రోజూ ఇంట్లోనే కుళాయి తిప్పుకోవచ్చు."

మెట్ల మీద బల్బు మార్చడానికే ఏడాది వాదించుకున్న జనం, దీనికి మాత్రం ఒక్క మాట మీదికొచ్చారు. మనుషులు మంచివాళ్ళే, కాస్త కదిలించేవాళ్ళు కావాలంతే. వీరరాఘవయ్య తన స్కూటర్ షెడ్డు పీకించి సంపుకి చోటిచ్చాడు. టెర్రస్ మీద ఎండుచేపలు ఆరబెట్టడం ఆగిపోయింది. తొలి వాన డాబా కడగడానికి పోయింది, మలి వాన సంపులోకి దిగింది. అప్పలరాముడి గొంతుకి విశ్రాంతి దొరికింది.

పదిరోజులు గడిచాయి. మహాలక్ష్మమ్మ ఒక్కసారీ పరిగెత్తలేదు. ఆ రోజు అన్న మాటకి అపర్ణకి సిగ్గేసింది. మధ్యాహ్నం గిన్నెలో పాయసం తీసుకుని ఎదురింటికి వెళ్ళింది. తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. వెతుక్కుంటూ టెర్రస్ ఎక్కింది.

మహాలక్ష్మమ్మ పిట్టగోడ పక్కన, తుంపరలో, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నారు పిన్నీ? ఇప్పుడెవరూ అరవడం లేదు కదా, ఇంకా భయమెందుకు?"

"అరవట్లేదనే కదమ్మా భయం! మణి ఆఫీసుకెళ్ళగానే రోజూ వచ్చి కూకుంటన్నాను. ఇదివరకు రాముడున్నాడు, చెప్తాడులే అని ఇంట్లో కాస్త కన్ను మూసేదాన్ని." ఆవిడ సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "ఆ రోజు మా ఊళ్ళో అరిచే మనిషే లేకపోయాడమ్మా."

అపర్ణ పాయసం గిన్నె ఆవిడ చేతిలో పెట్టి, తానూ పక్కనే కూర్చుంది. కళ్ళు తుడుచుకుని సముద్రం వైపు తిరిగింది.

"మీరెళ్ళి పడుకోండి పిన్నీ. ఈ పూట నేను చూస్తాను."