వెంకాయమ్మ, ప్రణతి: పోలికలు

ఇప్పుడు మీట నొక్కితే చాలు, కథల్లోని మనుషులు రక్తమాంసాలతో తరగతిలోకే వస్తారు. ఆరోజు పాతకథలోంచి వెంకాయమ్మనీ, కొత్తకథలోంచి ప్రణతినీ పిలిచాను. ఇద్దరినీ వెంటే వచ్చిన వాళ్ల మొగుళ్లు ఒకేలా జుట్టు పట్టుకుని తరగతి గోడకేసి కొట్టారు. వెంకాయమ్మ రాలిన పన్ను కొంగున ముడేసుకుని అన్నం వడ్డించింది. ప్రణతి పచ్చడిబండతో మొగుడి మోకాలు చితక్కొట్టింది.

"భేదాలు రాయండి," అన్నాను. నలభైమందీ పేజీలు నింపేశారు. ఓర్పు, తెగువ, కాలం మారడం.

"మరి పోలికలు?"

నలభైమందీ రాసిన పేజీలే వెనక్కి తిప్పారు.

నేలమీది నెత్తురు తుడుస్తున్న ఆయా మరియమ్మ తలెత్తకుండానే అంది. "దెబ్బ పడకముందు ఇద్దరూ మీ వంకే చూశారు టీచరమ్మా. రోజూ చూస్తారు. మీరేమో రాసుకుంటూ కూర్చుంటారు."