ఉస్తాద్ పేరు

గురువారం మధ్యాహ్నం, కూలీల క్యాంపంతా డ్యూటీలో ఉండగా, ఫక్రుద్దీన్ పహిల్వాన్ దొంగతనానికి బయల్దేరాడు. దొంగలు పడకుండా చూడాల్సిన వాచ్‌మనూ అతనే కాబట్టి ఎవరో చూస్తారన్న బెంగ లేదు. కొత్తగా వచ్చిన వజీర్ రూము నుంచి ఎత్తుకు రావాల్సింది బంగారం కాదు, వాచీ కాదు. ఒక పేరు.

ఆ పేరు దొరక్కపోతే రేపు శుక్రవారం కుస్తీ దంగల్లో అతని నడుము విరగడం ఖాయం. నడుము పోతే పోయింది, దానితో పాటు గేటు దగ్గర కుర్చీ కూడా పోతుంది. అదీ అసలు బాధ.

నిజానికి ఫక్రుద్దీన్ జన్మలో కుస్తీ పట్టలేదు. అరబ్బు దేశం వచ్చిన కొత్తలో, సూర్‌లో ఇటుకలు మోసే రోజుల్లో సెంట్రింగ్ పైపు తగిలి ఎడమ చెవి నలిగి ముద్దయింది. ఎనభై ఏడులో సమాయిల్ క్యాంపులో దిగగానే ఆ చెవిని చూసి తోటి కూలీ జగిత్యాల ఇస్తారి కళ్ళు పెద్దవి చేశాడు.

"పహిల్వానా సాబ్? మా దిక్కు తాలీంల పెద్ద పెద్దోళ్ల చెవులు గిట్లనే ఉంటయి!"

ఫక్రుద్దీన్ అవుననలేదు, కాదనీ అనలేదు. మీసం మీద చెయ్యి వేశాడంతే. ఆ చెయ్యి పుణ్యమా అని, మండుటెండలో ఇటుకలు మొయ్యాల్సినవాడు గేటు దగ్గర నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మెస్సులో మూలుగున్న నల్లీ బొక్క అతనికే. సాయంత్రాలు ఇస్తారి ఒళ్ళు పడుతుంటే కుస్తీ చరిత్ర చెప్పేవాడు. కుస్తీ నేర్పే తాలీము మట్టిలో పసుపూ నూనే మజ్జిగా పోసి మెత్తన చేసేవారనీ, నవాబుల కాలంలో పహిల్వాన్లు పూటకో కోడిని తినేవారనీ. మట్టి సంగతి నిజమే. కోడి మాత్రం నెల తిరిగేసరికి పొట్టేలయింది, ఏడాదికి ఎద్దయింది.

"మరి మీ ఉస్తాద్ పేరేంది సాబ్?" అని ఎవరైనా అడిగితే రెండు చెవులూ పట్టుకునేవాడు. "తౌబా! అఖాడా మట్టిల తప్ప ఉస్తాద్ పేరు ఎత్తొద్దు."

ఇలా రెండేళ్ళు హాయిగా గడిచాక కడప నుంచి వజీర్ ఊడిపడ్డాడు. దున్నపోతు మెడ, తలుపుకు అడ్డం పడే భుజాలు. మెస్సులో మొదటి పూటే అందరికీ వినపడేలా చెప్పాడు.

"నేనూ పహిల్వాన్నే. మా ఉస్తాద్ ఫోటో పేరుతో సహా నా ట్రంకు పెట్టెలో ఉండాది. ఆ పేరు మట్టిలో దిగినాకే చెప్పేది."

పని లేని నోళ్ళకు అంతకంటే ఏం కావాలి? అప్పటికప్పుడు దంగల్ ఖాయం చేసేశారు. ముసలి ఫోర్‌మన్ అబ్దుల్ వహాబ్ పెద్దరికం తీసుకున్నాడు. ఆయన కుర్రతనంలో హైదరాబాద్ తాలీములో నిజంగానే కుస్తీ పట్టినవాడు.

"పద్ధతి పద్ధతే. దిగేముందు ఇద్దరూ ఉస్తాద్ పేరు చెప్పాలె. ఇద్దరిదీ ఒకే ఉస్తాదైతే కుస్తీ లేదు. అన్నదమ్ములు నలుగురిల కొట్టుకుంటరా?" అన్నాడు.

మర్నాడే ఫక్రుద్దీన్‌కు జ్వరం వచ్చింది. వచ్చిందంటే, దుప్పటి కప్పుకుని మూలిగాడు. పరామర్శకు వచ్చిన వజీర్ నుదుటి మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని తేల్చేశాడు.

"ఏం కాదులే భాయ్. శుక్రవారానికి లేస్తావు."

దుప్పటి కింద ఈసారి నిజంగానే వణుకుతున్న ఫక్రుద్దీన్‌కు, ఒకే ఉస్తాదైతే కుస్తీ లేదన్న అబ్దుల్ వహాబ్ మాట గుర్తొచ్చింది. వణుకు ఆగింది.

అందుకే ఈ దొంగతనం. అదృష్టం కొద్దీ ట్రంకు పెట్టెకు తాళం లేదు. అల్లాకు శుక్రియా చెప్పుకుని మూత ఎత్తాడు. లంగోటు కింద ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఫోటో. కోరమీసాల మనిషి, భుజాన గద. కింద పెద్ద అక్షరాలు: ఉస్తాద్ దిల్దార్ ఖాన్ పహిల్వాన్. ఆ పేరును జపంలా గొణుక్కుంటూ వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక వాదీ అనే ఎండువాగు ఇసుకలో గుంత తవ్వి మట్టి నింపారు. అబ్దుల్ వహాబ్ దాంట్లో డబ్బాల కొద్దీ లబన్ మజ్జిగ ఒంపి, పసుపు చల్లాడు. దూరాన ఉన్న అల్ మవాలే నుంచి కూడా జనం వచ్చారు. వజీర్ తొడ చరిస్తే ఆ చప్పుడుకు ఫక్రుద్దీన్ గుండె జారి లంగోటులో పడింది.

"ఫక్రుద్దీన్, నువ్వు పెద్దోనివి. నువ్వు ముందు చెప్పు, ఎవరి శిష్యుడివి?" అని అడిగాడు అబ్దుల్ వహాబ్.

ఫక్రుద్దీన్ మట్టిని కళ్ళకద్దుకున్నాడు. చెవులు పట్టుకున్నాడు. గొంతు చించుకుని అరిచాడు.

"ఉస్తాద్ దిల్దార్ ఖాన్ పహిల్వాన్!"

వజీర్ ఉన్నచోటే నిలబడిపోయాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"యా అల్లా! మా ఉస్తాదే!"

పరుగున వచ్చి ఫక్రుద్దీన్‌ను కావలించుకున్నాడు. అది చూసి అబ్దుల్ వహాబ్ కూడా కళ్ళు తుడుచుకుని, కుస్తీ లేదు పొమ్మన్నాడు.

"గింతేనా? పొద్దుగాల్నుంచి సాబ్ ఒంటికి నూనె రాకిన, నా చేతులు పడిపోయినయి!" ఇస్తారి లబోదిబోమన్నాడు.

కుర్చీ దక్కింది. ఫక్రుద్దీన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. ఇంత లావు మనిషికి ఇంత తక్కువ బుర్ర ఇచ్చిన దేవుడి లీలకు లోపల్లోపల నవ్వుకున్నాడు. ఛాతీకి ఆనిన వజీర్ గుండె దడదడ కొట్టుకుంటోంది. పాపం, గురుభక్తి అనుకున్నాడు.

వజీర్ ఆ నలిగిన చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అన్నాడు.

"ఫోటోలో ఉండేది మా మామ భాయ్, బస్టాండులో సోడాలమ్ముతాడు, గద స్టూడియో వాళ్ళది. నీది దొంగజ్వరమని తెలిసిన కాడ్నించి పెట్టెకు తాళం ఎయ్యకుండా పానాలు బిగబట్టుకోనుంటే, ఇంత ఆలస్యంగానా దొంగతనానికి వచ్చేది?"