ఒరిజినల్ లీకు

"నా లీకేదీ?"

తండ్రి రోడ్డు మీద బోర్లా పడుకుని, కారు కిందకి తల దూర్చి అడిగాడు. మెడలో గొలుసు పోగొట్టుకున్నవాళ్ళు కూడా అంత కంగారుగా వెతకరు.

"పోయింది నాన్నా," అంది కూతురు గర్వంగా. కార్ల మెకానిక్ ఆవిడ. వారం పాటు తన వర్క్‌షాపులో ఉంచుకుని బాగుచేసి, ఆ సాయంత్రమే తెచ్చి ఇంటి ముందు పెట్టింది. "ఇంజను వెనకాల కొత్త సీలు బిగించాను. ఇంక చుక్క కారదు."

"నిన్నెవరు బిగించమన్నారు? ఇందాక పార్కు దాకా వెళ్ళొచ్చాను. దారి పొడుగునా ఒక్క చుక్క పడితే ఒట్టు!"

"అదేగా నేను చెప్పేది!"

"అదేగా నేను ఏడ్చేది!"

అది రెండు సీట్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, సిగ్నల్ దగ్గర ఆగితే వీధికుక్కలు పక్కన కూర్చుని కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తాయి. పుట్టినప్పటి నుంచీ నూనె కారుతూనే ఉంది. ఆ వీధిలో చీమలు జారిపడి నడుములు విరగ్గొట్టుకున్న సందర్భాలు బోలెడు.

"అసలు ఆ కాలంలో అక్కడ రబ్బరు సీలే పెట్టలేదు నాన్నా. నూనె బుద్ధిగా వెనక్కి వెళ్ళిపోతుందని నమ్మారు, పాపం."

"ఆ నమ్మకమే ఒరిజినల్. పీకెయ్ దాన్ని."

కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. "డిస్కు బ్రేకులు వేస్తే నోరెత్తలేదు. సీటు బెల్టులు పెడితే సరేనన్నావు. ఫోను చార్జింగుకి కన్నం నువ్వే అడిగి మరీ పెట్టించుకున్నావు. అప్పుడు గుర్తురాని ఒరిజినల్ ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"అవన్నీ మార్చుకో. కావాలంటే రంగు కూడా మార్చుకో. లీకు జోలికి మాత్రం రాకు."

"లీకంటే పార్టు కాదు నాన్నా, జబ్బు."

"జబ్బనకు." ఆయన గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. మోచేతులు నేలకి ఆనించి లేచి కూర్చున్నాడు. "ఇంత వయసొచ్చాక ఎవరికైనా ఏదో ఒకటి జారిపోతూనే ఉంటుంది. ఆ మాత్రానికే జబ్బంటారా?"

కూతురికి నవ్వొచ్చింది. "సరేలే. వచ్చే ఆదివారం చూద్దాం."

"ఆదివారం దాకా ఎలా? మీ అమ్మ..." ఆయన చటుక్కున ఇంటి వైపు తిరిగాడు. "మీ అమ్మేదీ?"

"పార్కుకి నడకకి వెళ్ళింది. నువ్వు కారు కిందే ఉన్నావుగా. 'వారం నుంచీ తనకి మోకాలి నొప్పని నన్ను గడప దాటనివ్వలేదు మీ నాన్న. కారొచ్చింది కదా, నొప్పి అదే పోతుంది' అంటూ వెళ్ళింది."

మోకాలి నొప్పి మనిషి పాతికేళ్ళ కుర్రాడిలా లేచి నిలబడ్డాడు. కూతురి సామాన్ల పెట్టెలోంచి స్పానరు తీసుకుని మళ్ళీ కారు కిందకి దూరిపోయాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావ్? అది గేర్‌బాక్సు!"

"నూనె ఎక్కడుంటుందో చూపించు."

చేతికి దొరికిన బోల్టునల్లా తిప్పబోతున్నాడాయన. స్పానరు బోల్టుకి తగిలి టకటకమంటోంది. కూతురి నవ్వు ఆగిపోయింది. పక్కనే పడుకుని, స్పానరు అందుకుని, నూనె వదిలే బోల్టుని కొంచెం వదులు చేసింది.

టప్. కాసేపాగి, టప్.

"అదీ నా కారు," అన్నాడాయన. "పద, ఎక్కు."

పార్కు వైపు బయల్దేరారు. ఎంత మెల్లగా అంటే, ఒక ముసలి పిల్లి వాళ్ళని దాటుకుని వెళ్ళి, జాలిగా వెనక్కి తిరిగి చూసింది. వెనకున్న వాహనాలన్నీ హారన్లు మోగిస్తున్నాయి. ఆయన చూపు ఒకసారి ముందుకి, ఒకసారి అద్దంలో వెనక రోడ్డు మీదకి. ఒక్కో చుక్కా పడిందని చూసుకున్నాకే ముందుకి పోతున్నాడు.

మూడు వీధులు కలిసేచోట, లాండ్రీ ముందు, తల్లి నిలబడి ఉంది. పార్కు నుంచి తిరిగొస్తోంది. ఒక వీధి వైపు నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కొచ్చింది. ఇంకో వీధిలోకి తొంగి చూసింది. సంచీని రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

"అమ్మ!" అంది కూతురు.

"అరవకు." ఆయన కారుని ఆవిడ కాళ్ళ పక్కనుంచే పోనిచ్చి, కొంచెం ముందుకి తీసుకెళ్ళి ఆపాడు. "దిగి పక్కన నిలబడు, చాలు. కారెక్కమని మాత్రం అనకు. నేనేమైనా చంటిపిల్లనా అని కోప్పడుతుంది."

కూతురు దిగి వచ్చేసరికి తల్లి తల వంచుకుని రోడ్డుని చూస్తోంది. నల్లగా, గుండ్రంగా ఒక చుక్క. దాని వెనక ఇంకోటి. ఇంటి వైపు వీధి పొడుగునా వరసగా చుక్కలు. ఆవిడ చెప్పు కొసతో దగ్గరున్న చుక్కని తాకి, దానికి నూనె అంటిందేమో చూసుకుంది. అప్పుడు సంచీ కిందకి దించింది.

"వచ్చావా? పద, ఇంటికెళ్దాం," అంటూ కూతురి చెయ్యి పట్టుకుని, చుక్కల పక్కనే నడవడం మొదలెట్టింది. నాలుగడుగులు వేశాక కారు వైపు ఒకసారి చూసి, కూతురి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఈ మధ్య ఇంటిదారి గుర్తుండట్లేదే నాకు. ఈ నూనె చుక్కలు పట్టుకునే వచ్చేస్తున్నా. మీ నాన్నకి మాత్రం చెప్పకు... ఆ కారు పిచ్చిలో పడి ఆయనింకా గమనించలేదు."