నుదురు ఆనించే మాట

"ఈ గోడ మీద ఇంతకుముందు ఏముండేదప్పా?"

విచారణకు వచ్చిన ఆఫీసరు నరసప్ప వేలు చూపిన చోట వెంకన్న క్యాలెండరు వేలాడుతోంది. దాని అంచులు దాటి అటొకటి, ఇటొకటి తెల్లటి చారలు పొడుచుకొచ్చి ఉన్నాయి. దుర్గప్పకు పైప్రాణాలు పైనే పోయాయి.

"అద్దం సార్. పగిలిపోయింది."

ఆదోనిలో గుమాస్తా ఉద్యోగం వచ్చి పది నెలలే అయింది. ఎస్సీ కోటాలో వచ్చింది. ఇంతలో ఎవడో పుణ్యాత్ముడు ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేశాడు. దుర్గప్ప కిరస్తానీ అనీ, ఆదివారం వస్తే ఎమ్మిగనూరు చర్చిలో తేలతాడనీ. అది రుజువైతే సర్టిఫికెట్ చెల్లదు, ఉద్యోగం ఊడుతుంది. అందుకే పొద్దున్నే భార్య హులిగెమ్మ గోడ మీది సిలువను దించి, బైబిలుతో పాటు జొన్నల డబ్బాలో పూడ్చేసింది. దుర్గప్ప నుదుట ఇంత బొట్టు పెట్టుకున్నాడు. తీరా చూస్తే ఆఫీసరు బొట్టు అంతకన్నా పెద్దది. చిత్తూరు నుంచి మొన్ననే బదిలీ మీద వచ్చాడట, కొత్త కత్తి!

నరసప్ప గూట్లో చెయ్యి పెట్టాడు. పాత నోటుబుక్కు బయటికొచ్చింది. అన్నీ దాచి, దాన్ని మరిచిపోయారు.

"ఇదేం రాత? కుడి నుంచి ఎడమకు ఉండాదే?"

"ఉ... ఉర్దూ సార్."

"నీకు ఉర్దూ వచ్చునా?"

"రాదు సార్."

పక్కింటి ఉర్దూ మాస్టారు అబ్బాస్ అలీకి పిలుపు వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

"ఇవి మా అచ్చరాలు కాదు సార్. కింద తెలుగులో ఏందో రాసినారు. సె... గిద్. మా సజ్దా మాట లెక్కనే ఉండాది. నుదురు నేలకు ఆనించి మొక్కేది. మిగతాది నాకు తెలీదు సార్, అంతా కోడి గెలికినట్లుంది."

ఆయన వెళ్ళిపోయాడు. నరసప్ప నోటుబుక్కు తీసుకుని కింది తెలుగు రాతను గడగడా చదివాడు.

"'దానియేలు గ్రంథం రాసిన అరామిక్ భాషలో ఆరాధనకు రెండు మాటలున్నాయి. సెగిద్ అంటే నుదురు నేలకు ఆనించడం. అది ఒళ్ళు చేసే పని, భయపెట్టి చేయించవచ్చు. పెలఖ్ అంటే సేవ. దాన్ని ఎవరూ భయపెట్టి చేయించలేరు. రాజు నిలబెట్టిన బంగారు బొమ్మకు మొక్కమంటే ఆ గ్రంథంలోని ముగ్గురు యూదులూ రెంటినీ కాదన్నారు. అయినా, భయపడి ఒంగినవాణ్ణి దేవుడు వదిలేస్తాడని నేననుకోను.'"

చివరి వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు. ఆ రాత అలవాటు కావడానికి దుర్గప్పకే మూడేళ్ళు పట్టింది. ఫైళ్ళలో మునిగి తేలేవాళ్ళకు ఏ రాతైతేనేం అనుకుని ఇంకా హడలిపోయాడు.

"ఎవరు రాసినారు?"

"కౌతాళం ఇసాకయ్య సార్. నాకు అచ్చరాలు దిద్దించినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

"పోయినాడు సార్. రెండేండ్లాయె."

నరసప్ప నోటుబుక్కు మూసి, అట్ట మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"మట్టి ఎవరు చేసినారు?"

"వాళ్ళోళ్ళు ఎవరూ రాలేదు సార్. నేనే..."

దుర్గప్ప నాలుక కరుచుకున్నాడు. ఇసాకయ్య పాస్టరుకు మట్టి చేశానని తన నోటితోనే ఒప్పుకున్నాడు! తలుపు వెనక హులిగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరసప్ప రుమాలు తీసి ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాడు. సగం బొట్టు చెరిగిపోయింది. ఆదోని ఎండ మరి!

తర్వాత కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"పిల్లలు గలవాణ్ణి సార్..." దుర్గప్ప చేతులు జోడించాడు.

"సదువు," అని కాగితం ముందుకు తోశాడు నరసప్ప.

'విచారించాను. ఇంట్లో క్రైస్తవ ఆనవాళ్ళేవీ దొరకలేదు.'

దుర్గప్ప రెండుసార్లు చదివాడు. అప్పటికీ నమ్మకం కుదరలేదు. తలెత్తి చూసేసరికి నోటుబుక్కు ఆఫీసరు సంచిలోకి పోతోంది. ఏమీ దొరకలేదని రాసినవాడికి అదెందుకు? రేపెప్పుడైనా తన మెడకు చుట్టడానికి కాదూ!

"సార్, ఆ పుస్తకం ఎవరికి చూపిస్తారో అని భయమైతాంది."

"ఎవరికీ చూపించను."

"మరి ఎందుకు సార్?"

గడప దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి ఒంగిన నరసప్ప చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది మా నాయన చేతిరాతప్పా."