కదలని బాతులు

కొండదారి మలుపులో పెద్దాఫీసరు కారు కనిపించేసరికి, వలస పక్షుల శరణాలయం అధికారి మోకాలి లోతు బురదలో ఉన్నాడు. పక్కన అతని బావమరిది, వృత్తికి వడ్రంగి, చెక్కబాతులను నీళ్లలోని గుంజలకు కడుతున్నాడు.

"త్వరగా కానియ్యరా! వచ్చేస్తున్నాడు."

"తొందరపెట్టకు బావా, రంగు ఇంకా ఆరలేదు."

ఆ లోయలోని చిత్తడి నేల మీద చలికాలం వస్తే ఆకాశం నల్లబడేలా పక్షులు దిగేవి. వాటిని చూడవచ్చే పెద్దల కోసం ఈ ఏడాది అధికారి గట్టున అతిథిగృహం తలపెట్టి, అడ్డొచ్చిన బండలను మందు పెట్టి పేల్పించాడు. గృహం లేచింది. పక్షులూ లేచిపోయాయి.

అధికారి కాళ్లు కడుక్కుని ఎదురెళ్లాడు. పెద్దాఫీసరు గట్టు మీద నిలబడి బైనాక్యులర్‌లోంచి చాలాసేపు చూశాడు.

"కారు చప్పుడుకి కూడా ఒక్కటీ ఎగరలేదేమయ్యా?"

అధికారి ఒకడుగు దగ్గరికి జరిగాడు. "మనుషులంటే భయం పోయిందండీ. కన్నబిడ్డల్లా చూసుకుంటున్నాం కదా!"

"భేష్!" అని పెద్దాఫీసరు అతని చెవి దగ్గరికి వంగాడు. "చూస్తుంటే నోరూరిపోతోంది. ఆ ముందున్న లావుపాటిదాన్ని మధ్యాహ్నం భోజనంలోకి వేయించు."

అధికారి ఆ చెక్కబాతు వైపు చూశాడు. అది మాడుతుందే తప్ప ఉడకదు.

"కుదరదండీ."

"అడుగుతున్నది నేను!"

"దేవుడు దిగొచ్చి అడిగినా కుదరదండీ. చట్టం ఒప్పుకోదు."

"నీ ఉద్యోగం ఊడుతుంది, ఆలోచించుకో."

"ఊడితే ఊడనివ్వండి. నా ప్రాణం పోయినా వాటి ఈక ముట్టుకోనివ్వను!" అధికారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ ఉన్నవాటిలో నిజమైనవి ఆ కన్నీళ్లే.

పెద్దాఫీసరు ఒక్కసారిగా అతన్ని కౌగిలించుకున్నాడు.

"పరీక్షిద్దామని ప్రతి శరణాలయంలోనూ ఇలాగే అడుగుతూ వచ్చానయ్యా! కాదన్నవాడు ఒక్కడూ లేడు. తినలేక చచ్చాను. ఇన్నాళ్లకు నిజాయితీపరుడు దొరికాడు. మన శాఖలో మోసాలు పట్టుకునే విభాగానికి రేపటినుంచి నువ్వే పెద్దవి!"